మూడో రోజు ముద్ద

జోయ్‌కి ఆ రోజు పొద్దుటి నుంచి ఉచ్చ రాలేదు.

లేచినప్పుడు రాలేదు. చద్దిముద్ద తిన్నాక రాలేదు. ఉప్పునేలకు వచ్చాక తల్లి ఒన్సీ రెండుసార్లు కూచోబెట్టింది, అప్పుడూ రాలేదు. ఇప్పుడు ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. ఒన్సీ పని చేస్తోందే గాని మనసంతా అటే ఉంది.

మూన్ నది పక్కన మా వైపు ఉప్పుపని ఎండాకాలం మూడు నెలలే. నేల మీద తెల్లగా పొంగిన ఉప్పుమట్టిని గీకి తెస్తాం. తొలిచిన దుంగలో అడుగున ఊక పరిచి, పైన ఆ మట్టి నింపి, నీళ్ళు పోస్తాం. దుంగ అడుగున వెదురుగొట్టంలోంచి ఉప్పునీళ్ళు చుక్క చుక్కగా కుండలోకి దిగుతాయి. ఆ నీళ్ళని రేకు పెనంలో కాస్తే ఉప్పు. అమ్మితే టిన్నుకి మూడు బాట్లు డబ్బు. తొలకరి పడిందంటే నేల మీద తెలుపు కరిగిపోతుంది, ఆ ఏటికి అంతే. అందుకే ఎనిమిది నెలల కడుపుతో కూడా ఒన్సీ వంగి మట్టి నింపుతోంది. పెనం కింద మంట చూస్తున్నది ఆమె తల్లి పిమ్మా.

"అమ్మా" అన్నాడు జోయ్, మట్టికుప్ప వెనక నించి.

రోజూ అరిచేవాడు. ఇవాళ అరవలేదు. అందుకే ఒన్సీ పార కింద పడేసి వెళ్ళింది.

నాలుగేళ్ళ పిల్లాడు. పుట్టినప్పుడు బక్కగా ఉన్నాడని జోయ్ అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, రెండు చేతులతో మొలని పట్టుకుని నిలబడ్డాడు. పెదాల మీద ఉప్పు పొక్కులు.

"కాళ్ళు పైకెత్తనా నాన్నా?"

తలూపాడు.

అది తల్లీకొడుకులిద్దరూ కనిపెట్టుకున్న ఉపాయం. చాప మీద పడుకోబెట్టి, కాళ్ళు పైకెత్తి, తల కిందికి వాల్చితే లోపల అడ్డంగా ఉన్నదేదో పక్కకి కదిలేది. నాలుగు చుక్కలు వచ్చేవి, ఒక్కోసారి ఎర్రగా. ఇవాళ ఎంతసేపు పట్టుకున్నా ఏమీ రాలేదు. బొడ్డు కింద చెయ్యి వేస్తే పచ్చి వెలగకాయలా గట్టిగా తగిలింది. చెయ్యి వేసినందుకే వాడి కళ్ళు పైకి తేలాయి.

"అమ్మా, ఇటు రా! ఒకసారి ఇటు రా!"

పిమ్మా మంట వదిలి వచ్చింది. తమలపాకు ఎరుపు పక్కకి ఉమ్మి, మనవడి పొట్ట చూసింది. చూసి, తిట్టడం మొదలుపెట్టింది. భయం వేస్తే ఆమె తిడుతుంది.

"ఇసక మీద మొండిమొలతో కూచోవద్దురా అంటే విన్నాడా? ఎక్కేసింది ఇసక, లోపలికంటా ఎక్కేసింది. నువ్వు మళ్ళీ నీళ్ళు గాని పట్టావా వీడికి?"

"నిన్నటేళ నించి చుక్క పట్టలేదమ్మా."

"పట్టమాక. తాగితే పొయ్యాల, పోస్తే నొప్పి."

ఇసక జబ్బు అనేవాళ్ళు మా ఊళ్ళో. మూడిళ్ళకో మగపిల్లాడికి వచ్చేది. ఉచ్చలో ఇసక లాంటి పలుకులు పడేవి. ఉప్పునేల మీద ఆడుకునే పిల్లలకి కింద నించి ఇసక ఎక్కుతుందని అందరి నమ్మకం. అందుకని పిల్లాడిని ఇసక మీద కూచోనిచ్చేవాళ్ళు కాదు. ఉచ్చ పోస్తే నొప్పి కాబట్టి నీళ్ళు తగ్గించేవాళ్ళు. పిమ్మా నీళ్ళ సొరకాయబుర్రని వాడికి అందకుండా దూలానికి కట్టేసి నెల అయింది. చివరికి జోయే నేర్చుకున్నాడు. ఎవరైనా నీళ్ళు ఇవ్వబోతే మొహం తిప్పుకునేవాడు. అంత ఎండలో రోజంతటికీ సగం కొబ్బరిచిప్ప.

వీడికి ముందు పుట్టినవాడు తూన్. వాడికీ ఇంతే. మూడో ఏట పొట్ట ఇలాగే గట్టిపడింది. మంత్రగాడు నాలుగు రోజులు ఊదాడు. ఐదో రోజు ఊరవతల చిట్టడవిలో పూడ్చారు.

ఒన్సీ భర్త ఖామ్సింగ్ కట్టెలబండి తోలుకొచ్చేసరికి పిల్లాడు చాప మీద ముడుచుకుని ఉన్నాడు. అతను ఇల్లరికం వచ్చిన మనిషి. అత్త ముందు నోరు విప్పేవాడు కాదు. బండిలో కట్టెలన్నీ అక్కడే కుమ్మరించాడు.

"పట్నం ఆసుపత్రికి పోదాం, ఎక్కు."

"కడుపు కోస్తారయ్యా అక్కడ!" అంది పిమ్మా.

"కోస్తే కొయ్యనీ."

"మంత్రగాణ్ణి పిలిపిస్తా, ఒక్క పూట ఆగు అల్లుడా."

ఖామ్సింగ్ ఎద్దుల మొహం చూస్తూ అన్నాడు. "తూన్‌కి నాలుగు రోజులు ఆగాం అత్తా."

 ఆ వారం కాసిన రెండు టిన్నుల ఉప్పు పిమ్మాయే మోసుకొచ్చి బండిలో పెట్టింది, బస్సు ఖర్చుకి.

తారురోడ్డు దాకా ఎండిన మళ్ళ మీద మూడు గంటలు. జోయ్ నీళ్ళు అడిగాడు. ఒన్సీ ఒళ్ళో సీసా ఉంది. ఇవ్వలేదు. పిల్లాడి మంచికే ఇవ్వలేదు. ఆ సీసా తర్వాత చాలాకాలం ఆమె కళ్ళ ముందు ఆడింది.

*

ఆ రాత్రే ఆసుపత్రిలో కోశారు. లోపల దొరికింది పావురం గుడ్డంత రాయి. గోధుమరంగు, ఒళ్ళంతా ముళ్ళు. గాజుసీసాలో వేసి ఒన్సీ చేతికిచ్చారు. ఇది తన కొడుకులో పెరిగిందా అని తిప్పి తిప్పి చూసుకుంది.

డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. దారి మూసుకుపోయి ఉచ్చ వెనక్కి తన్నిందట. ఎడమవైపు మూత్రపిండం ఉబ్బి పాడైపోయిందట. కుడిదానితో బతకాలి.

"ఒకదానితో బతుకుతాడా బాబూ?"

"బతుకుతాడు. దాన్ని కాపాడుకుంటే."

ఆ గదిలో పన్నెండు మంచాలు. పదకొండింటి మీద మగపిల్లలే. అందరి పొట్టకీ కట్లు, మంచం కిందికి రబ్బరు గొట్టాలు, గొట్టాల కింద సీసాలు. తల్లులు నేల మీద చాపలు వేసుకుని, వెదురుబుట్టల్లో జిగురన్నం, చేపల ఊరగాయ పెట్టుకుని కాపురాలే పెట్టేశారు. అందరూ మూన్ నది పక్క ఊళ్ళవాళ్ళే. రెండో రోజుకల్లా వరసలు కలిసిపోయాయి.

విలై అనే నర్సు పొద్దున్నే పెద్ద పుస్తకం పట్టుకుని వచ్చింది. ఆమెదీ నది కింది ఊరే. మా మాటే మాట్లాడుతుంది. ఒక్కో మంచం దగ్గరా ఆగి అడుగుతోంది.

"పుట్టాక మొదటి అన్నం ఎన్నో రోజున పెట్టారు?"

ఒన్సీకి మొదట ఆ ప్రశ్న ముచ్చటగా తోచింది. పిల్లాణ్ణి బాగా చూసుకున్నారా లేదా అని అడుగుతోంది కాబోలు అనుకుంది. గర్వంగానే చెప్పింది.

"మూడో రోజే అక్కా! మా అమ్మ సొంతంగా నమిలి, అరిటాకులో చుట్టి, నిప్పుల మీద కాల్చి పెట్టింది. ఒకరి చేత నమిలించలేదు."

పక్క చాప మీది ఆమె ఊరుకుంటుందా? "మూడో రోజా? మావోడు పుట్టిన మర్నాడే తిన్నాడు. మా అత్త పళ్ళు చూడాల, పిండిమరే!"

"మర్నాడేంటే" అంది మూల మంచం దగ్గరి ముసలమ్మ. "మా మనవడు పొద్దున పుట్టి సాయంత్రానికి బొటనవేలంత మింగాడు. తిని రెండో రోజు దాకా కన్ను తెరవలా. అంత బుద్ధిమంతుడు."

"కన్ను తెరిచుంటే నీ మొహం చూసి మళ్ళీ మూసుకునేవాడు లేవే అవ్వా!" అంది ఇంకో తల్లి.

గదంతా నవ్వింది. నవ్వితే కట్టు దగ్గర లాగి ఒక పిల్లాడు ఏడ్చాడు, తల్లి నవ్వు ఆపుకుంటూ ఊరుకోబెట్టింది. విలై మాత్రం నవ్వలేదు. రాసుకుంటోంది. మూడో రోజు. రెండో రోజు. మొదటి రోజు. ఐదో రోజు. మంచం తర్వాత మంచం.

ఆమె పెన్ను కదలడం చూస్తూ ఉంటే ఒన్సీ నవ్వు మెల్లగా తగ్గిపోయింది. పదకొండు మంది పిల్లలు. పదకొండు ముద్దలు.

విలై వరండాలో సీసాలు కడుగుతుంటే వెనకే వెళ్ళింది.

"అక్కా, అన్నం సంగతి ఎందుకు రాస్తున్నావు?"

 విలై ఒన్సీ కడుపు వైపు చూసింది. "ఎన్నో నెల?"

"ఎనిమిది వెళ్ళవస్తోంది."

"మీ ఊళ్ళో ఉప్పు కాస్తారా?"

"నా పనే అది."

"అయితే నీకు సగం తెలిసినట్టే. కూచో. ఇక్కడ నడుముకి అటొకటి ఇటొకటి, చిక్కుడుగింజల ఆకారంలో ఉంటాయి మూత్రపిండాలు. నీ పిడికిలంత. ఒంట్లో నెత్తురంతా వాటిలోంచి పోవాల్సిందే, రోజుకి ఎన్నో సార్లు. మీ దుంగలో మట్టి నిలిచిపోయి ఉప్పునీళ్ళు దిగుతాయి కదా? ఇవీ అంతే. ఒంటికి పనికొచ్చేది వెనక్కిచ్చేసి, అక్కర్లేని ఉప్పులూ మురికీ నీళ్ళలో కలిపి కిందికి వదుల్తాయి. రెండు సన్నగొట్టాలు. చుక్క చుక్క. కింద తిత్తిలో ఉచ్చ చేరుద్ది. తిత్తి నిండితే మనకి తెలుస్తుంది, పోసేస్తాం. నిద్రలో కూడా ఆ పని ఆగదు."

"మరి రాయి ఎక్కణ్ణించి వచ్చింది? ఇసక ఎక్కలేదా?"

"ఇసక ఎక్కడానికి అదేం మెట్లదారా? పెనంలో నీళ్ళు తగ్గితే ఏమవుద్ది, నువ్వే చెప్పు."

ఆ జవాబు ఒన్సీ చేతులకే తెలుసు. "పలుకు కడుద్ది. ముందు ఒక్కటే. దాని మీద ఇంకోటి. గీకకపోతే రేకుని పట్టేసి, సుత్తితో కొట్టాల."

"తిత్తిలోనూ అంతే. నీళ్ళు తక్కువైతే చిక్కబడుద్ది. చిక్కబడితే పలుకు కడుద్ది."

ఒన్సీ గోడకి ఆనుకుంది. దూలానికి కట్టిన సొరకాయబుర్ర. ఒళ్ళో సీసా.

"మేం నీళ్ళు మానిపించాం అక్కా."

"అందరూ మానిపిస్తారు."

"మరి ముద్ద?"

విలై సీసాలు బోర్లించింది. "పెద్ద డాక్టర్లు ఇంకా వెతుకుతున్నారు, పూర్తిగా తేలలేదు. నేను చూసింది చెప్తా. తల్లిపాలలో ఒక సారం ఉంటుంది. అది ఉచ్చలో ఉంటే పలుకు మీద పలుకు అంటుకోదు. పుట్టిన బిడ్డ పొట్ట ఎంత? నిమ్మకాయంత లేదు. దాన్ని అన్నంతో మూసేస్తే పాలేం లాగుతాడు? ఆ సారమూ పోయె, నీళ్ళూ పోయె. పాలు తాగిన పిల్లలు ఈ మంచాల మీదికి రావట్లేదు. వచ్చేవాళ్ళు ముద్ద మింగిన మనవాళ్ళే."

"నువ్వు తిన్లేదా చిన్నప్పుడు?"

"తిన్నా. ఆడపిల్లకి దారి పొట్టిది, పలుకు జారిపోద్ది. మా తమ్ముడికి జారలేదు."

 లోపల గదిలో ముసలమ్మ మళ్ళీ ఏదో అంది, మళ్ళీ నవ్వులు.

"మా అమ్మకి ఈ మాట చెప్పలేనక్కా" అంది ఒన్సీ. "పెద్దోడికీ తనే నమిలి పెట్టింది. వాడు లేడు."

"చెప్పమాక. ఈసారి పెట్టనివ్వకు, చాలు. మొదట్లో పసుపుగా వచ్చే పాలు పిండి పారబొయ్యకు. మూడు నాలుగు రోజులు పాలు సరిగా పడవు, బిడ్డ గోల పెడతాడు. ఇల్లంతా నీ మీద పడతారు. అప్పుడే నువ్వు ఆగాల."

*

జోయ్‌ని ఇంటికి తెచ్చాక ఆ రాయి ఊరంతా తిరిగింది. చేతులు మారుతూ మంత్రగాడి ఇంటిదాకా వెళ్ళి వచ్చింది. లోపలికి ఎక్కిన ఇసకే గట్టిపడి రాయైందని ఊరు తేల్చేసింది.

ఒన్సీ దూలానికి ఉన్న బుర్రని విప్పింది. వంట అయ్యాక ఒకసారి, పెనం దించాక ఒకసారి, జోయ్ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి నీళ్ళు పట్టించేది. "కొడుకుని గేదెని చేస్తోంది, ఇక దున్నడానికి కడుతుంది" అని ఊళ్ళోవాళ్ళు నవ్వారు. పిమ్మా నవ్వలేదు, ఆపనూ లేదు. ఒకనాడు జోయ్ ఇంటి మెట్ల మీద నిలబడి ఉచ్చ పోస్తుంటే ధార వంపు తిరిగి, కింద మేస్తున్న పక్కింటి మేక వీపు మీద పడింది. మేక గెంతింది. పిమ్మా పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఖామ్సింగ్ కాలవ తవ్వే పనికి వేరే ఊరు వెళ్ళాడు, రోజుకి ఎనిమిది బాట్లు. పడమట మబ్బు కనపడసాగింది. ఉప్పు కొనుక్కుపోయే లారీ ఇంకొక్కసారే వస్తుంది, ఆ తర్వాత ఏరుదారి మూసుకుపోతుంది.

అలాంటి రోజుల్లో ఒన్సీ ప్రసవించింది. మగబిడ్డ.

"మళ్ళీ మగాడే" అంది పక్కింటి మువాన్ పిన్ని. 

మా ఆచారం ప్రకారం బాలింత నిప్పుల పక్కన వెదురుమంచం మీద పడుకోవాలి. కాగిన నీళ్ళు తాగాలి, అన్నం ఉప్పు తప్ప ఏదీ తినకూడదు. ఒన్సీ అన్నీ చేసింది. ఒక్క పసుపుపాలు మాత్రం పిండి పారబొయ్యలేదు, అటు తిరిగి బిడ్డకే ఇచ్చింది. అవి కొంచెమే. బిడ్డ లాగీ లాగీ వదిలేసి ఏడ్చేవాడు. రెండో రోజు అంతా ఏడ్చాడు. మూడో రోజు గొంతు బొంగురుపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం పిమ్మా కొత్త జిగురన్నం వండింది. వేళ్ళు కడుక్కుని, నోరు మూడుసార్లు పుక్కిలించి తమలపాకు ఎరుపంతా పోగొట్టుకుంది. అరిటాకు ముక్క నిప్పుల మీద వాడ్చి పక్కన పెట్టింది. వెదురుబుట్టలోంచి గోలీకాయంత ముద్ద తీసి, బుగ్గన పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. ముద్ద నమిలేటప్పుడు మాట్లాడకూడదు. మాట కలిస్తే బిడ్డ వాగుడుకాయ అవుతాడంటారు.

మువాన్ పిన్ని పక్కన కూచుంది, చూడ్డానికి.

"అమ్మా, వద్దు" అంది ఒన్సీ.

పిమ్మా నమలడం ఆపలేదు. కళ్ళతోనే ఏంటన్నట్టు చూసింది.

"వీడికి ముద్ద వద్దమ్మా. పాలే ఇస్తా."

"ఏ పాలే?" అంది మువాన్ పిన్ని, పిమ్మా తరపున. "ఎండిన సొరకాయల్లా వేలాడుతున్నాయి, వాటిలో పాలా? బిడ్డ గొంతు విను, కప్పలా అయిపోయింది. మాడ్చి చంపుతావా?"

"వస్తాయి పిన్నీ. ఇంకొక రోజు."

"రోజులు లెక్కబెట్టుకుంటావా? వారం పోతే నువ్వు పెనం దగ్గరికి పోవాల. లారీ నీకోసం కూచుంటుందా? ముద్ద తిన్న బిడ్డ సగం రోజు లేవడు, నీ చేతులు ఖాళీగా ఉంటాయి. పాలు తాగేవోణ్ణి ఎత్తుకుని మట్టి ఎట్టా గీకుతావు? పట్నం పోయి నర్సమ్మ దగ్గర నేర్చుకొచ్చింది గావాల. ఆ నర్సమ్మ వచ్చి గీకుద్దా నీ మట్టి?"

"నేనే గీకుతా. నడుముకి కట్టుకుని గీకుతా."

"నీ తల్లి ఏడుగురికి పెట్టింది. నువ్వు తినే పెరిగావు."

"ఏడుగురిలో ఎంతమందిమి ఉన్నాం పిన్నీ?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఒన్సీ తల్లి వైపు చూసింది. పిమ్మా దవడ ఆగిపోయింది.

బిడ్డ ఏడుస్తున్నాడు. పిమ్మా నోటి నిండా మెత్తటి అన్నం. అరిటాకు ఆమె అరచేతిలో ఉంది. ఉమ్మితే అందులోకే ఉమ్మాలి, ఉమ్మితే అది బిడ్డది. బయట ఉమ్మడానికి లేదు. నమిలిన మెతుకైనా నేల మీద పడితే ధాన్యం తల్లికి అవమానం. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఆ పని చెయ్యలేదు.

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. ఒన్సీ బిడ్డని రొమ్ముకి అదుముకుని, అరచెయ్యి వాడి నోటి ముందు అడ్డంగా పెట్టింది. తల్లికి చెయ్యి అడ్డం పెట్టడం ఆమెకి అదే మొదటిసారి. అయినా చెయ్యి తియ్యలేదు.

 మువాన్ పిన్ని కూచున్నచోటి నించి లేచింది.

పిమ్మా గొంతు కదిలింది. మింగింది. కష్టంగా, మందు మింగినట్టు మింగింది.

"తూన్‌కి కూడా..." అంది.  "తూన్‌కి కూడా నేను పెట్టిన ముద్దేనా?"

 ఒన్సీ బిడ్డ తల సర్దుకుని మళ్ళీ రొమ్ముకి పట్టించింది. వాడు లాగాడు, వదిలాడు, ఏడ్చాడు. మళ్ళీ పట్టించింది.

పిమ్మా నిప్పుల పక్కన కూచుంది. అలవాటైన చెయ్యి బుట్టలోకి వెళ్ళి ఇంకో ముద్ద తీసింది. వేళ్ళ మధ్య గుండ్రంగా చేసింది. నోటిదాకా ఎత్తి, అక్కడే ఆపేసింది.

బిడ్డ ఏడుపు ఇంకా ఆగలేదు. ఆమె చెయ్యి ఇంకా దిగలేదు.